పెండలానికి ముక్కుంది

"అక్కడే ఆగు. నీ వాసన కొడుతోంది."

కంచె లోపలి నుంచి కొన్రాడ్ కేక. అగాత ఆగింది. నుదుటికి తగిలించుకున్న తాళ్ల సంచి దించి, ఆకు పొట్లం తీసి, కంచె బయటి మొద్దు మీద పెట్టి వెనక్కి నడిచింది. ఆమె బాట మలుపు దాకా పోతే గానీ మొగుడు కంచె దాటి రాడు.

పొట్లంలో కాల్చిన చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర. ఆ దుంపలు తవ్వింది ఆమె. కట్టెలు కొట్టింది ఆమె. వాగు నుంచి నీళ్లు మోసింది ఆమె. కొబ్బరి కోరింది ఆమె. అప్పుడెక్కడా లేని వాసన కంచె దగ్గరికి వచ్చేసరికి వచ్చింది.

"ఆకుకూర వడిలిపోయింది," అని నములుతూ అరిచాడు.

"ఇంత దూరం నడిచొచ్చాను. అదీ వడిలింది, నేనూ వడిలాను."

"నోరు ముయ్యి. దుంప వింటుంది."

తిని, ఆకు విసిరేసి లోపలికి పోయాడు. పోగానే గొంతు మారింది. "ఏం తండ్రీ, ఇరుకుగా ఉందా? ఇదిగో మట్టి తీస్తున్నా. కాలు చాపుకో. రాయి తగిలిందా? ఉండు, తీసేస్తా. తొందరేం లేదు, నిదానంగా దిగు." ఆ దుంపకు చచ్చిపోయిన తాత పేరు పెట్టుకున్నాడు. అగాత మలుపులో నిలబడి విన్నది. పన్నెండేళ్ల కాపురం. కాన్పు నొప్పుల్లో ఉన్నప్పుడు కూడా, ఏం, నొప్పిగా ఉందా అని అడిగిన మనిషి కాదు. ఈ గొంతు ఇతని దగ్గర ఉందని దుంప వల్ల తెలిసింది.

మాప్రిక్ కొండల వైపు మగవాళ్లకు పెండలమే పరువు. ఆగస్టులో నాటితే ఏప్రిల్‌లో తవ్వుతారు. మనిషి కంటే పొడుగు పెంచుతారు. పెంచినవాడు దాన్ని తినడు. తన జోడీవాడికి ఇస్తాడు. జోడీవాడు తనది ఇతనికి ఇస్తాడు. ఎవడిది పొట్టిదయితే వాడు ఏడాదంతా తల వంచుకుని తిరగాలి. నాటింది మొదలు తవ్వేదాకా మగవాడు ఆడదాన్ని తాకకూడదు. మగవాళ్లంతా ఊరి మధ్యన ఉన్న పెద్ద ఇంట్లో పడుకుంటారు. ఆడది తోట గడప తొక్కకూడదు. పెండలానికి ముక్కుంది, చెవులున్నాయి. ఆడదాని వాసన తగిలితే దుంప ఎదగడం మానేస్తుంది. నియమం తప్పినవాడి దుంప కొస నుంచి కుళ్లుతుంది. వాడిదే కాదు, ఊరందరివీ కుళ్లుతాయి. తప్పినవాడు దొరికితే ఇక జన్మలో పెండలం నిలబెట్టనివ్వరు. పెద్ద ఇంట్లో వాడి మాట ఎవరూ వినరు. బతికి ఉన్న శవం.

అందుకే నాటే ముందు మగవాళ్లు వాగులోకి దిగి, దురదగొండి లాంటి ఆకుతో ఒళ్లు చీరుకుని, చెడ్డ రక్తం పోగొట్టుకుంటారు. అప్పుడు శుద్ధి అవుతారట. అగాతకు అది తలుచుకుంటే నవ్వొచ్చేది. తనకు నెలనెలా ఏ ఆకూ లేకుండా పోయే రక్తం మైల. వాళ్లు ఆకుతో గీరి తెచ్చుకునేది శుద్ధి. లేనిదాన్ని తెచ్చుకోవడానికి అంత ఏడుపు ఏడ్చేవాళ్లు, ఉన్నదాన్ని చూసి ముక్కు మూసుకోవడమేంటి? ఈ మాట బయటికి అంటే పళ్లు రాలతాయి. అందుకని లోపలే అనుకునేది.

నవంబరు నెల చివర. మిట్టమధ్యాహ్నం, వాన. వాగు ఒడ్డున అగాత ఒక్కతే సగ్గుచెట్టు బోదె పిండి కడుగుతోంది. పిండి తొక్కీ తొక్కీ కాళ్లు మొద్దుబారాయి. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే పంది అనుకుంది. చూస్తే కొన్రాడ్.

"ఇటెందుకొచ్చావు? తోటలో ఉండాల్సినవాడివి," అంది.

అతను ఇంకా దగ్గరికొచ్చాడు.

"వద్దు. నీ నియమం ఉంది. దుంప కుళ్లితే నా మీద పెడతావు. వద్దంటున్నా."

పీక పట్టుకున్నాడు. ఆమె ఊపిరి ఆగింది. వాన కళ్లలో పడుతోంది, రెప్ప వెయ్యలేకపోయింది. గాలి కోసం నోరు తెరిస్తే నీళ్లు పోయాయి. చేతికి తొట్టి అంచు దొరికింది, పట్టుకుంది. కడిగిన పిండి అంతా ఒలికి వాగులో కలిసింది. అతను లేచాక వాగులో నిలబడి ఇసకతో ఒళ్లు తోముకున్నాడు, తోలు ఎర్రబడేదాకా. "నోరు విప్పావంటే నీ పిల్లను కూడా బతకనివ్వను," అన్నాడు. మర్నాడు పొద్దున్నే తోటకు పోయాడు. ఆమె తిండి పొట్లం పట్టుకుపోయింది. "అక్కడే ఆగు, నీ వాసన కొడుతోంది," అన్నాడు.

డిసెంబరులో రక్తం రాలేదు.

ఊరి చివర నెల గుడిసె ఉంది. రక్తం వచ్చిన ఆడవాళ్లు నాలుగు రోజులు అందులో ఉంటారు. ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అన్నది ఊరందరికీ లెక్కే. అగాత తాళ్ల సంచి తగిలించుకుని వెళ్లింది. ఏమీ లేకుండానే నాలుగు రోజులు కూర్చుంది. జనవరిలోనూ వెళ్లింది. మామూలుగా అయితే ఆ నాలుగు రోజులే ఆమెకు విశ్రాంతి. నీళ్లు మొయ్యక్కర్లేదు, వండక్కర్లేదు. ఈసారి విశ్రాంతి లేదు. అందరితో పాటు గుడ్డ ఉతికినట్టు నటించాలి, నడుం నొప్పి అని మూలగాలి. కడుపులో తిప్పుతుంటే వక్క నమిలి దిగమింగాలి. పక్కింటి వెరోనికా అప్పుడు అక్కడే ఉంది. నాలుగో రోజు సంచి అల్లుతూ తల ఎత్తకుండానే అంది:

"వదినా, నీ గుడ్డ ఆరేసిందే ఆరేస్తున్నావు."

అగాత దండెం మీది గుడ్డ లాగి ఒళ్లో పెట్టుకుంది.

"నేనేం అనట్లేదు. ఇంకో ఆవిడెవరన్నా చూస్తుందేమోనని."

తన వేలు కోసుకుని అగాత గుడ్డకు రక్తం పూసింది వెరోనికా. మాట మళ్లీ ఎత్తలేదు.

అగాత కూతురు బెర్తాకు తొమ్మిదేళ్లు. బడికి పోతుంది. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని పాఠం అప్పజెప్పుతోంది. "ప్రాణమున్న ప్రతిదీ ఆహారం తీసుకుంటుంది. గాలి పీలుస్తుంది. పెరుగుతుంది. పనికిరానిది బయటికి పంపుతుంది. తనలాంటి దాన్ని పుట్టిస్తుంది. మొక్కయినా అంతే, మనిషయినా అంతే." అగాత చిలగడదుంప తోలు తీస్తూ వింటోంది. మొక్కయినా అంతే అన్నమాట ఆమెకు కొత్తగా తోచింది. తింటుంది, పీలుస్తుంది. సరే. తనూ తింటోంది, ఇద్దరికి. తనూ పీలుస్తోంది, ఇద్దరికి. తోటలో మట్టి కింద ఒకటి పెరుగుతోంది, ఇక్కడ తోలు కింద ఒకటి పెరుగుతోంది. దానికి పందిరి వేసి, రాళ్లు ఏరి, పాట పాడి పెంచుతున్నారు. ఇది ఉందన్న ఊసు మాత్రం బయటికి రాకూడదు. రెండూ ఒక్క మనిషి పనే.

వాకిట్లో కత్తి నూరుకోవడానికి కొన్రాడ్ వచ్చాడు. నూరుకుని పోయేవాడే. బెర్తా ఉషారుగా అంది:

"నాయనా, పెండలం వేరుతో వాసన చూడదంట. ఆకులతో ఊపిరి తీస్తదంట. ఎండతోనే ఆకుల్లో అన్నం వండుకుంటదంట. హెర్మన్ సారు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"పెండలానికి ముక్కు లేదని."

చెంప మీద కొట్టాడు. పిల్ల పొయ్యి రాళ్ల మీద పడింది. మోచెయ్యి కాలింది. పుస్తకం నిప్పుల్లో వేసి కాలితో తొక్కి పట్టాడు, కాలేదాకా. అగాత పిల్లను లాగి ఒళ్లో వేసుకుంది. వంగినప్పుడు ఆమె నడుం చుట్టు గుడ్డ బిగిసింది. అతని చూపు అక్కడ ఆగింది. వేళ్లు ముడుస్తూ నెలలు లెక్కపెట్టాడు. ఆమె చూస్తూనే ఉంది.

ఆ రోజు కొట్టినవి పొట్ట మీద. తోట తవ్వే కర్ర, ముందు మొనతో కాదు, వెనక వైపుతో. ఆమె మోకాళ్లు ముడుచుకుని బంతిలా చుట్టుకుంది. వీపు ఇచ్చింది, చేతులు ఇచ్చింది, పొట్ట ఇవ్వలేదు. ఎడం చేతి ఎముక పుటుక్కుమంది. బెర్తా కేకలు ఊరంతా వినిపించాయి. మగవాళ్ల పెద్ద ఇల్లు ఎంతో దూరం లేదు. ఎవరూ రాలేదు.

రొప్పుతూ కూర్చున్నాడు కొన్రాడ్. "విను. పెండలాలు నిలబెట్టే రోజు వస్తోంది. అప్పటికి ఇది పోవాలి. పోకపోతే హెర్మన్ పేరు చెప్పు."

"ఆ పిల్లాడేం చేశాడు?"

"సముద్రం వైపువాడు. ఇక్కడ వాడికి అన్నదమ్ముల్లేరు. చంపినా అడిగేవాడు లేడు."

అంత తేలిగ్గా చెప్పాడు.

రెండు రోజులకు అత్త యాకోబీనా వచ్చింది. చిప్పలో నల్లటి కషాయం, ఏదో బెరడు నూరినది. కోడలి చేతికి వెదురుబద్దలు కట్టి, చిప్ప ముందు పెట్టింది.

"తాగు పిల్లా. రెండు రోజులు మెలిపెడుతుంది. తర్వాత ఏమీ ఉండదు."

"ఎవరు పంపారు?"

"ఎవరు పంపితే ఏంటి? వాడి పరువు పోతే నీకు మాత్రం ఉంటుందా? తాగు."

"నువ్వు తాగావా అత్తా ఎప్పుడైనా?"

ముసలామె వక్కపొడి, సున్నం నోట్లో వేసుకుంది. ఎర్రగా ఉమ్మింది.

అగాత చిప్ప చేతిలోకి తీసుకుంది. చేదు వాసన. తాగితే బతుకు మళ్లీ మామూలుగా నడుస్తుంది. దుంపలు తవ్వొచ్చు, పొట్లం మొయ్యొచ్చు, మలుపులో నిలబడొచ్చు. తాగకపోతే ఈ బిడ్డ వల్ల ఎవరో ఒకరు చస్తారు. తానో, హెర్మనో. బిడ్డ కావాలని ఆమె అడగలేదు. వద్దు అన్నప్పుడు పడ్డది. దీని మీద ప్రేమ ఉందా అని తనను తాను అడుక్కుంది. ఏమో, తెలియలేదు. తెలిసింది ఒక్కటే. తన ఒంట్లోకి ఏది పోవాలి, తన ఒంట్లోంచి ఏది రావాలి అన్నది ఇంతవరకూ ఒక్కసారి కూడా తను చెప్పింది కాదు. ఈ చిప్ప కూడా అతనిదే. కషాయం మట్టిలో ఒంపింది. అత్త చూస్తూ కూర్చుంది, ఆపలేదు. ఖాళీ చిప్ప తీసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో తవ్వారు. కొన్రాడ్ దుంప తవ్వడానికి రెండు రోజులు పట్టింది. ఆరుగురు మోశారు. మైదానంలో వెదురుబొంగులకు కట్టి నిలబెట్టిన పెండలాల వరసలో అది అన్నిటికంటే ముందుంది. ఇద్దరు మనుషులను నిలువునా పెట్టినా చాలదు. తలకు తీగెతో అల్లిన ముసుగు, ఎర్రరంగు, తెల్ల ఈకలు. కొసన చిన్న మచ్చ కూడా లేదు.

ఆడవాళ్లు మైదానం అంచున కూర్చోవచ్చు, ఆ ఒక్కరోజు. దూరం నుంచి చూడొచ్చు, తాకకూడదు. అగాత వదులు గౌను వేసుకుని వెరోనికా పక్కన కూర్చుంది. చేతికి కట్టు. పెదవి మీద కొత్త దెబ్బ. పేరు చెబుతావా చెప్పవా అని ఆ పొద్దున కూడా అడిగి కొట్టాడు.

కొన్రాడ్ జోడీవాడు తదేయుస్ తాడు పట్టుకుని దుంప కొలిచాడు. తాడు చాలలేదు.

"ఒరే బావా! దీన్ని మా ఇంట్లో పడుకోబెట్టాలంటే గోడ పగలగొట్టాలి గదరా!"

"పగలగొట్టుకో. నీ దుంప ఏదీ? ఇటివ్వు, చంకలో పెట్టుకుపోతాను!"

జనం గొల్లున నవ్వారు. కొన్రాడ్ ఈటె పట్టుకుని మైదానంలో అటూ ఇటూ నడుస్తూ గొప్పలు చెప్పాడు. "ఎనిమిది నెలలు! ఒక్క ఆడదాని ముఖం దగ్గరగా చూడలేదు! వేటమాంసం ముట్టలేదు! ఎవడైనా ఉన్నాడా నాలాగా?" మగవాళ్లు హూ అన్నారు. అప్పుడు వెనక వరసలో ఒక ముసలి పెద్ద వక్క నములుతూ, కళ్లు చిట్లించి, ఆడవాళ్ల వైపు చూశాడు.

"ఏమోరా కొన్రాడ్, నీ పెళ్లాం కూడా బాగానే పెంచినట్టుంది."

మళ్లీ నవ్వారు. నవ్వు సగంలో ఆగింది. అందరూ అగాత పొట్ట చూస్తున్నారు. అందరి వేళ్లూ కదులుతున్నాయి. అయిదు నెలల పొట్ట. ఎనిమిది నెలల నియమం.

కొన్రాడ్ సిద్ధంగానే ఉన్నాడు. "నన్నెందుకు చూస్తారు? నేను పెద్ద ఇంట్లో పడుకున్నాను, మీ పక్కనే. దాన్నడగండి. బడి పంతుల్ని అడగండి!"

చాలు. ఏడెనిమిది మంది కుర్రాళ్లు లేచారు. కత్తులు నడుముకే ఉన్నాయి. బడి ఆ గుట్ట అవతల. హెర్మన్ ఆ వేళప్పుడు పిల్లలతో ఉంటాడు, బెర్తా కూడా అక్కడే. కుర్రాళ్లు మైదానం సగం దాటారు. ఒక వక్క నమిలి ఊసేంత సేపట్లో ఆ మనిషి ముక్కలవుతాడు. అగాత లేచి నిలబడింది. వెరోనికా గౌను పట్టి లాగింది, కూర్చో వదినా అని. విదిలించుకుంది.

"హెర్మన్ కాదు," అంది. గొంతు చాలలేదు. మళ్లీ అరిచింది. "హెర్మన్ కాదు! ఆగండి! వీడే!"

కుర్రాళ్లు ఆగి వెనక్కి చూశారు.

"నవంబరులో. వానలో. వాగు దగ్గర, మిట్టమధ్యాహ్నం. నేను వద్దన్నాను. వద్దన్నందుకు పీక నొక్కాడు. మర్నాడు మళ్లీ తోటకి పోయాడు. ఆ చేతులతోనే ఆ దుంప కింద మట్టి తీశాడు. కుళ్లిందా? చూడండి. మీలో ఎవడి దుంపన్నా కుళ్లిందా? ఊళ్లో ఎన్నడూ ఇంత పొడుగుది లేదు. మరి దీని ముక్కు ఏమైంది?"

తదేయుస్ చేతిలో తాడు జారిపోయింది. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె మాట నిజమైతే ఆ పెండలం ముందు వాళ్లందరి నియమమూ గాలిబుడగే. నియమమే నిజమైతే ఆ పెండలం అక్కడ నిలబడి ఉండకూడదు. కానీ నిలబడే ఉంది, ఈకలు పెట్టుకుని.

కొన్రాడ్ ఈటె పారేసి తోట కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది నోటి మీద. రెండు పళ్లు నాలుక మీదకి వచ్చాయి. ఆమె పడిపోయింది. మూడోది కట్టు కట్టిన చేతి మీద. ఆమె పొట్టను నేలకేసి అదుముకుని పడుకుంది. కర్ర లేస్తోంది, దిగుతోంది. రెండు వందల మంది మగవాళ్లు ఉన్నారు. చూస్తున్నారు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు అన్నట్టు ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు.

"కొట్టరా కొట్టు!"

యాకోబీనా లేచి వచ్చింది. నడుం వంగిన మనిషి, మైదానం మధ్యకు వచ్చింది. ఆడది అక్కడికి రాకూడదు.

"బాగా కొట్టు. రెండుసార్లు నేనూ బెరడు తాగాను, మీ నాయన పరువు కోసం. మూడోసారి తాగలేకపోయాను. నువ్వు నెలలు నిండకుండా పుట్టావని అందరికీ చెప్పాను. నిండిన బిడ్డవిరా నువ్వు. పెండలాల కాలంలో పడ్డవాడివి."

కొన్రాడ్ కర్ర పైనే ఆగింది. ఇరవై ఏళ్లుగా ఆ మైదానంలో ఓడిపోని మనిషి. తల్లిని చూశాడు. పెళ్లాన్ని చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ల వేళ్లు మళ్లీ కదులుతున్నాయి, ఈసారి అతని పుట్టుక లెక్కపెడుతూ. అతని గొంతులోంచి పంది అరుపు లాంటిది వచ్చింది. వెనక్కి తిరిగి, తాత పేరు పెట్టుకున్న ఆ పెండలం మీద కర్ర దింపాడు. ముసుగు చీలిపోయింది. తోలు చిట్లి తెల్లటి జిగురు కారింది. మళ్లీ కొట్టాడు, నడుం మీద. దుంప రెండుగా విరిగి పెళ్లున కూలింది.

మైదానం మొత్తం ఒక్కసారి ఘొల్లుమంది. మనిషిని చంపినట్టు ఏడ్చారు. తదేయుస్ దూకాడు. ఇంకో ముగ్గురు దూకారు. కాళ్లు పట్టుకున్నారు, చేతులు విరిచి పట్టుకున్నారు, కర్ర లాక్కున్నారు. "చాలురా! ప్రాణమున్నదిరా అది! జాలి లేదా నీకు!" అని తదేయుస్ ఏడుస్తూ అరిచాడు.

అగాత నేల మీద నుంచి అదంతా చూసింది. నోట్లో రక్తం ఉమ్మింది. చెయ్యి ఆనించి లేచి కూర్చుంది, తర్వాత నిలబడింది. పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది. ఉంది. నలుగురు మగవాళ్లు ఎంత గట్టిగా పట్టుకోగలరో ఆమెకు అప్పుడు తెలిసింది. పట్టుకోవడం వాళ్లకు చేతనవును. చేతకాక ఊరుకున్నారని ఇన్నాళ్లూ అనుకునేది.

విరిగిన దుంప తల వైపు నుంచి ఊడిన చిన్న ముక్క ఒకటి ఆమె కాళ్లకు దగ్గరగా పడి ఉంది. మొలక వచ్చేది ఆ వైపు నుంచే. ఆమె వంగింది.

"తాకకు!" ముసలి పెద్ద కేక పెట్టాడు. "ఆడదానివి, తాకకు!"

అగాత బాగున్న చేత్తో దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది. బరువుగా, చల్లగా ఉంది. వాసన చూసింది. మట్టి వాసన, అంతే.

"బడి దగ్గరికి పోయి పిల్లను తీసుకుని మా అన్న ఊరికి పోతున్నా," అని వెరోనికాతో చెప్పింది, అందరికీ వినిపించేటట్టు. "ఆగస్టు రాగానే దీన్ని నేను నాటుకుంటాను."